సముద్రం దాటిన సైనిక కొలువు: అండమాన్ నికోబార్‌లో లైంగిక దాడుల నివారణకు ఏది పునాది?

అండమాన్ నికోబార్ దీవులు భారత భూభాగమే. అయినప్పటికీ అక్కడి సైనిక కొలువు అనేక విధాల విదేశీ విధులను పోలి ఉంటుంది. చెన్నై నుంచి గాని, విశాఖపట్నం నుంచి గాని శ్రీ విజయపురం చేరాలంటే దాదాపు 1,200 కిలోమీటర్ల సముద్రాన్ని దాటాలి. 2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్‌గా వ్యవహరించిన ఈ రాజధానికి ప్రయాణికుల ఓడలో చేరడానికి రెండున్నర నుంచి మూడు రోజులు పడుతుంది. అక్కడి నుంచి గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే మరో 500 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. పుట్టిల్లు, బంధువర్గం, సొంత భాష మాట్లాడే న్యాయవాది, ఇవన్నీ సముద్రానికి అవతలి ఒడ్డున ఉండిపోతాయి.

ఇటువంటి చోట లైంగిక వేధింపు గాని, దాడి గాని జరిగినప్పుడు బాధితురాలికి ఎదురయ్యే తొలి ప్రశ్న ఒక్కటే: ఎవరికి చెప్పాలి? చెప్పుకునే దారి లేదన్న నమ్మకమే నేరం చేయదలచిన వ్యక్తికి ధైర్యాన్నిస్తుంది. ఆ దారి ఉందనీ, అది తన పై అధికారి గుమ్మం గుండా మాత్రమే సాగదనీ అందరికీ తెలిసిన చోట నేరానికి అవకాశం తగ్గుతుంది. సైనిక నివాసాల్లో లైంగిక దాడుల నివారణకు ఇదే పునాది.

దీవుల్లోని సైనిక సమాజం

అండమాన్ నికోబార్ కమాండ్ 2001 అక్టోబరులో ఏర్పడింది. సైన్యం, నౌకాదళం, వైమానిక దళం ఒకే అధిపతి కింద పనిచేసే తొలి భారతీయ కమాండ్ ఇది. తీర రక్షక దళం కూడా దీనితో కలిసి పనిచేస్తుంది. శ్రీ విజయపురంలో ప్రధాన కార్యాలయం, ఐఎన్‌ఎస్ ఉత్క్రోష్ నౌకాదళ వైమానిక స్థావరం ఉన్నాయి. ఉత్తరాన డిగ్లీపూర్ సమీపంలో ఐఎన్‌ఎస్ కొహాసా, కార్ నికోబార్‌లో వైమానిక స్థావరం, దక్షిణాన క్యాంప్‌బెల్ బేలో 2012లో ప్రారంభమైన ఐఎన్‌ఎస్ బాజ్ ఉన్నాయి. ఈ కొలువులు ఉత్తరం నుంచి దక్షిణానికి 700 కిలోమీటర్లకు పైగా విస్తరించాయి.

సైనిక సమాజమంటే యూనిఫాం ధరించినవారు మాత్రమే కారు. వారి భార్యాపిల్లలు, కార్యాలయాల్లోని పౌర ఉద్యోగులు, కాంట్రాక్టు కార్మికులు, క్యాంటీన్ సిబ్బంది, క్వార్టర్లలో ఇంటిపని చేసే స్త్రీలు కూడా ఇందులో భాగమే. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల జనాభా 3.8 లక్షలు. వారిలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తరతరాలుగా వలస వెళ్లిన కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. కాబట్టి ఈ విషయం తెలుగువారికి దూరపుది కాదు.

దళాల్లో మహిళల సంఖ్య కూడా పెరుగుతున్నది. మహిళా అధికారులకు పర్మనెంట్ కమిషన్ కల్పించాలని సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరి 17న సైన్యం విషయంలోను, మార్చి 17న నౌకాదళం విషయంలోను తీర్పు చెప్పింది. నౌకాదళంలో అగ్నివీరులుగా చేరిన తొలి 273 మంది మహిళలు 2023 మార్చిలో ఒడిశాలోని ఐఎన్‌ఎస్ చిల్కాలో శిక్షణ పూర్తి చేసుకున్నారు. అధికారులే కాక, అట్టడుగు హోదాలో పనిచేసే యువతులు సైతం ఇకపై దూర స్థావరాలకు, ఓడలకు వెళ్తారు. హోదా తగ్గేకొద్దీ ఫిర్యాదు చేయడం కష్టమవుతుంది గనుక ఈ మార్పు ప్రాధాన్యం సంతరించుకున్నది.

దూరం వల్ల పెరిగే అధికారం

ప్రధాన భూభాగంలోని ఉద్యోగికి పని ఒకచోట, ఇల్లు మరొకచోట ఉంటాయి. దూర స్థావరంలో ఆ తేడా ఉండదు. నివాస గృహం కేటాయింపు, సెలవు మంజూరు, ఓడలో లేదా సైనిక విమానంలో చోటు, పిల్లల చదువు, వైద్యం, చివరకు వార్షిక రహస్య నివేదిక వరకు ఒకే అధికార వ్యవస్థ చేతిలో ఉంటాయి. ఫిర్యాదు చేస్తే ఉద్యోగమే కాక గూడు, ప్రయాణం, స్నేహ వలయం కూడా ప్రమాదంలో పడతాయన్న భయం సహజం. ఫిర్యాదు చేసిన తర్వాత కూడా నిందితుడు అదే వీధిలో, అదే మెస్‌లో, అదే ప్రార్థనా స్థలంలో ఎదురవుతాడు.

కుటుంబాల్లోనూ ఈ సోపానం కనబడుతుంది. సైనిక భార్యల సంక్షేమ సంఘాలు ఉపయోగకరమైన సేవ చేస్తున్నాయి. అయితే వాటి నాయకత్వం సాధారణంగా ఉన్నతాధికారుల భార్యలదే. భర్త పై అధికారి మీద ఫిర్యాదు చేయవలసిన స్త్రీకి ఆ అధికారి భార్య నడిపే సంఘం తగిన వేదిక కాజాలదు. సంక్షేమ కార్యక్రమాలు ఒకటి, స్వతంత్ర ఫిర్యాదు వ్యవస్థ మరొకటి. ఈ రెండింటినీ కలగాపులగం చేయడం దూర స్థావరాల్లో తరచు ఎదురయ్యే ప్రమాదం.

అంతర్గత కమిటీ ఏమి చేయగలదు?

రాజస్థాన్‌కు చెందిన ఒక గ్రామసేవకురాలిపై 1992లో జరిగిన సామూహిక అత్యాచారం నేపథ్యంలో సుప్రీంకోర్టు 1997 ఆగస్టు 13న విశాఖ తీర్పు వెలువరించింది. దాని కొనసాగింపుగా వచ్చిన పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నివారణ చట్టం 2013 డిసెంబరు 9 నుంచి అమల్లో ఉంది. పదిమంది లేదా అంతకుమించి పనిచేసే ప్రతి చోట అంతర్గత కమిటీ ఉండాలి. ఉన్నత స్థాయి మహిళా ఉద్యోగి దానికి అధ్యక్షత వహించాలి. సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు కావాలి. సంస్థతో సంబంధం లేని బయటి సభ్యులు ఒకరు తప్పనిసరి.

దూర స్థావరాల్లో తగిన హోదా గల మహిళా అధికారి ఉండకపోవచ్చు. ఆ పరిస్థితిని చట్టమే ఊహించింది. అదే సంస్థకు చెందిన మరో కార్యాలయం నుంచి గాని, మరో శాఖ నుంచి గాని అధ్యక్షురాలిని నియమించవచ్చు. కాబట్టి మహిళలు తక్కువన్న కారణంతో కమిటీని ఏర్పాటు చేయకపోవడం చెల్లదు. బయటి సభ్యుల నియామకానికి దీవుల్లో మరింత ప్రాముఖ్యం ఉంది. ఆ ఒక్కరే సైనిక సోపానానికి వెలుపలి వ్యక్తి. అదే స్థావరానికి సరకులు సరఫరా చేసే వ్యాపారినో, విశ్రాంత అధికారి కుటుంబ సభ్యురాలినో ఆ స్థానంలో కూర్చోబెడితే చట్టం అక్షరం నిలిచినా ఉద్దేశం దెబ్బతింటుంది.

పని ప్రదేశమన్న మాటకు చట్టం విస్తృతమైన అర్థం ఇచ్చింది. విధి నిర్వహణలో వెళ్లే ప్రతి చోటు, యజమాని కల్పించే రవాణా వాహనం కూడా అందులో చేరతాయి. దీవుల మధ్య తిరిగే ఓడకు, సైనిక వాహనానికి, తాత్కాలిక విడిదికి కూడా ఇది వర్తిస్తుంది.

సంఘటన జరిగిన మూడు నెలల లోపు ఫిర్యాదు చేయాలి. తగిన కారణం ఉంటే మరో మూడు నెలలు గడువు పొడిగించవచ్చు. రాతపూర్వకంగా ఇవ్వలేనివారికి రాయడంలో కమిటీయే తోడ్పడాలి. విచారణ 90 రోజుల్లో ముగియాలి. నివేదిక 10 రోజుల్లో అందాలి. సిఫారసులపై 60 రోజుల్లో చర్య తీసుకోవాలి. ఆరోపణను రుజువు చేయలేకపోయినంత మాత్రాన అది తప్పుడు ఫిర్యాదు కాదని చట్టం స్పష్టం చేసింది. ఫిర్యాదుదారు పేరు, వివరాలు గోప్యంగా ఉంచాలి.

విచారణ సాగుతుండగా లభించే రక్షణలు దీవుల్లో కీలకం. బాధితురాలు రాతపూర్వకంగా కోరితే ఆమెను గాని, నిందితుడిని గాని బదిలీ చేయాలని కమిటీ సిఫారసు చేయవచ్చు. మూడు నెలల వరకు అదనపు సెలవు ఇప్పించవచ్చు. ఆమె పనితీరుపై నివేదిక రాసే అధికారం నిందితుడికి లేకుండా మరొక అధికారికి అప్పగించవచ్చు. బాధితురాలినే ఓడ ఎక్కించి పంపివేస్తే అది శిక్షలా కనబడుతుంది. చూస్తున్న మిగతా స్త్రీలు మౌనం నేర్చుకుంటారు. అందుచేత ఎవరిని కదిలించాలన్న నిర్ణయంలో ఆమె ఇష్టానికి మొదటి స్థానం ఇవ్వాలి.

కమిటీలు కాగితాలకే పరిమితమవుతున్నాయన్న ఆందోళన సుప్రీంకోర్టు 2023 మే 12న ఇచ్చిన తీర్పులోనూ వ్యక్తమైంది. ప్రతి శాఖలో కమిటీలు నిజంగా ఏర్పడ్డాయో లేదో సరిచూడాలని, సభ్యుల వివరాలు అందరికీ అందుబాటులో ఉంచాలని కోర్టు ఆదేశించింది. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయడానికి కేంద్ర ప్రభుత్వం 2017లో ఆరంభించిన షీ-బాక్స్‌ను 2024 ఆగస్టులో నవీకరించింది.

కమిటీ పరిధిలోకి రానివారు

క్వార్టర్లలో ఇంటిపని చేసే స్త్రీకి ఆ ఇల్లే పని ప్రదేశం. ఆమె ఫిర్యాదు జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి వెళ్తుంది. ప్రాథమిక ఆధారం కనబడితే ఆ కమిటీ ఏడు రోజుల్లో ఫిర్యాదును పోలీసులకు పంపాలి. దీవుల్లో దక్షిణ అండమాన్, ఉత్తర మధ్య అండమాన్, నికోబార్ అనే మూడు జిల్లాలు ఉన్నాయి. గేటు పాసుతో లోపలికి వచ్చే ఈ స్త్రీలకు కమిటీ చిరునామా తెలుగు, తమిళం, బెంగాలీ, హిందీ, నికోబారీ భాషల్లో తెలిసేలా చేయడం స్థావరాధికారికి కష్టమైన పని కాదు. పాసు వెనుక ముద్రిస్తే చాలు.

పిల్లలపై జరిగే నేరాలకు 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది. నేరం జరిగినట్లు తెలిసిన ప్రతి వ్యక్తీ పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. విధులు నిర్వర్తిస్తున్న ప్రాంతంలో సాయుధ దళ సభ్యుడే ఈ నేరానికి పాల్పడితే దానిని తీవ్రతరమైనదిగా ఆ చట్టం పరిగణిస్తుంది. ఇంట్లో భర్త నుంచి లైంగిక హింస ఎదుర్కొనే స్త్రీ 2005 నాటి గృహహింస నిరోధక చట్టం కింద రక్షణ ఉత్తర్వులు కోరవచ్చు.

పురుష సైనికులూ బాధితులు కావచ్చు. 2013 చట్టం మహిళలకే పరిమితం. అయితే సైనిక చట్టంలోని 46వ సెక్షన్ క్రూరమైన, అసభ్యమైన, అసహజమైన ప్రవర్తనను బాధితులు ఎవరన్న భేదం లేకుండా శిక్షార్హం చేస్తుంది. పరిహాసం పేరిట, కొత్తవారికి స్వాగతం పేరిట జరిగే అవమానాలను ఈ సెక్షన్ వెలుగులో చూడవలసి ఉంది.

పోలీసులా, కోర్ట్ మార్షలా?

అత్యాచారం వంటి నేరంలో దారి ఇక్కడ రెండుగా చీలుతుంది. 1950 నాటి సైనిక చట్టంలోని 70వ సెక్షన్ ప్రకారం సైనికుడు పౌరురాలిపై అత్యాచారం చేస్తే సాధారణంగా కోర్ట్ మార్షల్ విచారించరాదు. సాధారణ న్యాయస్థానమే విచారించాలి. ఆ సైనికుడు క్రియాశీల విధుల్లో ఉన్నప్పుడు, భారతదేశం వెలుపల ఉన్నప్పుడు, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటించిన సరిహద్దు స్థావరంలో ఉన్నప్పుడు మినహాయింపులు ఉన్నాయి. నౌకాదళ, వైమానిక దళ చట్టాల్లోనూ ఇటువంటి నిబంధనలే ఉన్నాయి. బాధితురాలు స్వయంగా సైనిక చట్టం పరిధిలోని వ్యక్తి అయితే ఉభయ న్యాయస్థానాలకూ అధికారం ఉంటుంది. అప్పుడు విచారణ ఎక్కడ జరగాలన్నది తొలుత నిర్ణీత సైనికాధికారి తేలుస్తారు.

ఈ చిక్కుముడిని 2021 నాటి కోయంబత్తూరు కేసు చూపింది. వైమానిక దళ శిక్షణ కళాశాలలో సహోద్యోగి తనపై అత్యాచారం చేశాడని, అంతర్గతంగా తీసుకున్న చర్య సంతృప్తికరంగా లేదని ఒక మహిళా అధికారి నగర పోలీసులకు ఫిర్యాదు చేశారు. సెప్టెంబరులో నిందితుడిని అరెస్టు చేశారు. కోర్ట్ మార్షల్ జరుపుతామన్న వైమానిక దళం అభ్యర్థనపై స్థానిక న్యాయస్థానం అతడిని దళానికి అప్పగించింది. 2024 సెప్టెంబరులో బుడ్గాం పోలీసులు ఒక వింగ్ కమాండర్‌పై కేసు నమోదు చేశారు. 2023 డిసెంబరు 31న అధికారుల మెస్‌లో జరిగిన వేడుక అనంతరం దాడి జరిగిందని, అంతర్గత విచారణ తనకు న్యాయం చేయలేదని ఫ్లయింగ్ ఆఫీసర్ హోదాలోని మహిళ ఆరోపించారు. ఆరోపణల నిజానిజాలు తేల్చవలసింది న్యాయస్థానాలే. అయితే రెండు సందర్భాల్లోనూ ఫిర్యాదుదారులు వ్యవస్థ లోపలి దారిపై నమ్మకం కోల్పోయి బయటి ద్వారం తట్టారన్నది గమనించదగిన విషయం.

సైనిక న్యాయం ఎప్పుడూ విఫలమవుతుందని చెప్పడం కూడా సరికాదు. ఒక మహిళా అధికారిని 2016లో లైంగికంగా వేధించిన కేసులో మేజర్ జనరల్ హోదా గల వ్యక్తిని దోషిగా తేల్చి, సర్వీసు నుంచి తొలగించాలని 2018 డిసెంబరులో కోర్ట్ మార్షల్ సిఫారసు చేసింది. 2019 ఆగస్టులో ఆ శిక్ష ఖరారైంది. హోదా కవచం కాదన్న సందేశం అన్ని స్థావరాలకూ చేరింది.

విచారణ ఎక్కడ జరిగినా ఫిర్యాదు హక్కు మారదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం నేరం ఏ ప్రాంతంలో జరిగినా ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. ఎలక్ట్రానిక్ మార్గంలో పంపి మూడు రోజుల్లో సంతకం చేయవచ్చు. బదిలీపై విశాఖపట్నం చేరిన స్త్రీ అక్కడే ఫిర్యాదు ఇవ్వవచ్చు. లైంగిక నేరంపై సమాచారం నమోదు చేయని పోలీసు అధికారికి ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు కారాగార శిక్ష పడవచ్చు. విధుల నిమిత్తం నియుక్తుడైన ప్రాంతంలో సాయుధ దళ సభ్యుడు అత్యాచారం చేస్తే భారతీయ న్యాయ సంహిత 64వ సెక్షన్ కింద కనీస శిక్ష పదేళ్ల కఠిన కారాగారం, గరిష్ఠంగా జీవితాంతం జైలు.

ఒకే కమాండ్, మూడు చట్టాలు

అండమాన్ నికోబార్ కమాండ్‌కు మరొక ప్రత్యేక సమస్య ఉండేది. మూడు దళాలు కలిసి పనిచేసినా, ప్రతి దళానికీ క్రమశిక్షణ చట్టం వేరు. ఒక దళానికి చెందిన అధిపతికి మరో దళపు సిబ్బందిపై పూర్తి క్రమశిక్షణాధికారం లేదు. చర్య తీసుకోవలసిన వ్యక్తిని అతని మాతృదళానికి తిప్పి పంపవలసి వచ్చేది. నిందితుడు నావికుడు, ఫిర్యాదుదారు వైమానిక దళ సభ్యురాలు అయితే జాప్యం తప్పేది కాదు. పార్లమెంటు 2023లో ఆమోదించిన అంతర్ సేవా సంస్థల చట్టం 2024 మే 10 నుంచి అమల్లోకి వచ్చింది. ఉమ్మడి కమాండ్ అధిపతికి తన కింద పనిచేసే మూడు దళాల సిబ్బందిపైనా క్రమశిక్షణాధికారాలు దీని ద్వారా లభించాయి.

ఇది చర్యను వేగవంతం చేస్తుంది. అదే సమయంలో అధికారం ఒకేచోట కేంద్రీకృతమవుతుంది. అధిపతి చిత్తశుద్ధి గలవారైతే న్యాయం త్వరగా అందుతుంది. ఆయనకు సన్నిహితుడే నిందితుడైతే ఏమవుతుందన్న ప్రశ్నకు జవాబు కావాలి. అందుకే ఈ చట్టం వచ్చాక స్వతంత్ర ఫిర్యాదు మార్గం అవసరం తగ్గలేదు, పెరిగింది.

72 గంటల గడియారం

దాడి జరిగిన తర్వాత తొలి 72 గంటలు ఎంతో విలువైనవి. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు, అవాంఛిత గర్భాన్ని నిరోధించే మాత్రలు ఆ వ్యవధిలో అందాలి. ఎంత త్వరగా అయితే అంత మేలు. శరీరంపై మిగిలే జీవ ఆధారాలు కూడా గంటగంటకూ చెరిగిపోతాయి. ప్రధాన భూభాగానికి ఓడ ప్రయాణం దాదాపు అంతే సమయం తీసుకుంటుంది. తుఫాను కాలంలో దీవుల మధ్య హెలికాప్టరు, ఓడ సేవలు నిలిచిపోతాయి.

కాబట్టి పరీక్ష, చికిత్స బాధితురాలు ఉన్న దీవిలోనే జరగాలి. దీనికి చట్టపరమైన అడ్డంకి లేదు. బాధితురాలి సమ్మతితో ప్రభుత్వ ఆసుపత్రిలోని రిజిస్టర్డ్ వైద్యులు, వారు లేనిచోట ఇతర రిజిస్టర్డ్ వైద్యులు ఎవరైనా పరీక్ష చేయవచ్చు. శ్రీ విజయపురంలోని జి.బి.పంత్ ఆసుపత్రి గాని, నౌకాదళ ఆసుపత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ ధన్వంతరి గాని, ఏ ఆసుపత్రి అయినా వెంటనే ఉచిత చికిత్స అందించి పోలీసులకు తెలియజేయాలి. కేంద్ర ఆరోగ్య శాఖ 2014లో జారీ చేసిన మార్గదర్శకాలు పరీక్షా విధానాన్ని వివరిస్తాయి. రెండు వేళ్ల పరీక్షను సుప్రీంకోర్టు 2022 అక్టోబరు 31న మరోమారు తీవ్రంగా ఖండించి, దానిని నిర్వహించేవారు దుష్ప్రవర్తనకు బాధ్యులవుతారని హెచ్చరించింది. ప్రతి దీవిలోని వైద్యాధికారి వద్ద సాక్ష్య సేకరణ కిట్టు, అవసరమైన మందులు, ఈ విధానంలో శిక్షణ ఉన్నాయా లేవా అన్నది నివారణకు అసలైన కొలమానం.

ఇతర దేశాల అనుభవం

సముద్ర మధ్యంలోని సైనిక స్థావరాల సమస్యను ప్రపంచం ముందుకు తెచ్చినది జపాన్‌లోని ఒకినావా దీవి. 1995 సెప్టెంబరులో ముగ్గురు అమెరికా సైనికులు పన్నెండేళ్ల బాలికను అపహరించి అత్యాచారం చేశారు. రెండు దేశాల ఒప్పందం కారణంగా అభియోగం నమోదయ్యే వరకు వారు జపాన్ పోలీసుల కస్టడీలోకి రాలేదు. వేలాది ప్రజలు వీధుల్లోకి రాగా, తీవ్ర నేరాల్లో ముందుగానే అప్పగించే విషయాన్ని సానుకూలంగా పరిశీలించడానికి అమెరికా అంగీకరించింది. అయినా 2023 డిసెంబరులో జరిగిన మరో నేరంపై సమాచారం స్థానిక ప్రభుత్వానికి 2024 జూన్‌లో గాని తెలియలేదు. సమాచారం దాగిన చోట నివారణ సాధ్యం కాదన్నది ఒకినావా పాఠం.

అమెరికా సైన్యం 2005 నుంచి రెండు రకాల ఫిర్యాదులకు అవకాశం ఇస్తున్నది. విచారణ కోరకుండా గోప్యంగా వైద్యం, సలహా పొందడం ఒకటి. పూర్తి విచారణ కోరడం మరొకటి. తీవ్రమైన లైంగిక నేరాల్లో అభియోగం మోపాలా వద్దా అన్న నిర్ణయాన్ని యూనిట్ అధిపతుల నుంచి తప్పించి, 2023 డిసెంబరు 28 నుంచి స్వతంత్ర సైనిక ప్రాసిక్యూటర్లకు అప్పగించారు. కెనడాలో సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి లూయీ ఆర్బర్ 2022 మే నెలలో సమర్పించిన నివేదిక సైనికుల లైంగిక నేరాలను పౌర న్యాయస్థానాలకే వదిలివేయాలని సూచించింది. ఐక్యరాజ్యసమితి శాంతి దళాల లైంగిక దోపిడీకి గురైనవారి కోసం 2016లో ఏర్పాటైన నిధికి విరాళమిచ్చిన తొలి దేశం భారత్.

దేశాలు వేరైనా మార్పు దిశ ఒక్కటే. ఫిర్యాదు వినే వ్యక్తి, ఫిర్యాదుదారు జీవితాన్ని శాసించే వ్యక్తి ఒక్కరే కాకూడదు.

చేయదగిన పనులు

దీవుల్లో దీనికి భారీ వ్యయం అక్కరలేదు. శ్రీ విజయపురంలో కొలువు మొదలయ్యే రోజునే, హోదాతో నిమిత్తం లేకుండా ప్రతి ఒక్కరికీ కమిటీ సభ్యుల పేర్లు, స్థానిక కమిటీ చిరునామా, సమీప పోలీస్ స్టేషన్ నంబరు ఇవ్వవచ్చు. బయటి సభ్యులను దళాల ప్రభావం లేని న్యాయ, సామాజిక సేవా రంగాల నుంచి ఎంపిక చేయవచ్చు. ఓడ మీద, మెస్‌లో, వేడుకల్లో అనుచిత ప్రవర్తన చూసిన తోటివారు జోక్యం చేసుకోవడం క్రమశిక్షణలో భాగమని అధిపతులు స్వయంగా చెప్పవచ్చు. ఫిర్యాదులు సున్నా అని నివేదించే స్థావరాన్ని ఆదర్శంగా పొగడకుండా, అక్కడ నోరు విప్పే అవకాశం ఉందో లేదో తనిఖీ చేయవచ్చు.

బాధితులకు తక్షణ సహాయానికి 112, మహిళలకు 181, పిల్లలకు 1098 నంబర్లు ఉన్నాయి. ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి మహిళకూ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. అందుకు 15100 నంబరును సంప్రదించవచ్చు. సహాయం కోరే స్త్రీ ఏ దీవిలో ఉన్నా, ఆమె భర్త లేదా పై అధికారి ఏ హోదాలో ఉన్నా ఈ హక్కులకు తేడా లేదు.